సర్కారు కంట్రాక్టులలో చిన్నవారి పాలు

ఏ దేశమునందైనను ప్రభుత్వమును మించిన కొనుగోలుదారు లేడు. బడిపిల్లల బల్ల మొదలు విమానపు విడిభాగము వరకు, వీధి కాలువ మొదలు పెద్ద ఆనకట్ట వరకు ప్రభుత్వము కొనని వస్తువు, చేయింపని పని అరుదు. ఆ ధనము ప్రజలు పన్నుల రూపమున ఇచ్చినదే. కావున అది మరల ఎవరి చేతులలోనికి పోవుచున్నదను ప్రశ్న వర్తకులకు మాత్రమే సంబంధించినది కాదు. బెంగుళూరులో స్థిరపడిన తెలుగువారిలో చిన్న కర్మాగారములవారు, మేస్త్రీలు, కుట్టుపని నడుపు స్త్రీలు పెక్కుమంది యున్నారు. వీరు ప్రభుత్వపు టెండరులలో పాల్గొనుటకు ఏ వసతులు కలవో, ఏ చిక్కులు కలవో వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పని యొకరిది, కంట్రాక్టు వేరొకరిది

బెంగుళూరు నగరము ప్రభుత్వ పరిశ్రమలకు పుట్టినిల్లు. 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, 1948లో టెలిఫోను పరిశ్రమ, 1953లో హిందుస్థాన్ మెషీన్ టూల్స్, 1954లో భారత్ ఎలక్ట్రానిక్స్, 1964లో భారత్ ఎర్త్ మూవర్స్ ఇచట స్థాపింపబడినవి. వీటి అవసరములను ఆశ్రయించి చిన్న కర్మాగారములు అనేకము వెలసినవి. నగరమునకు వాయవ్యమున నున్న పీణ్య పారిశ్రామికవాడ అట్టివాటికి నిలయము. ఐనను ఒక చిన్న లేతు యంత్రముపై చేసిన వస్తువు సర్కారు సంస్థకు చేరులోపల ఇద్దరు ముగ్గురు మధ్యవర్తుల చేతులు మారుట కలదు. లాభములో వారి భాగము పోగా చేసినవానికి మిగులునది కూలికంటె కొంచెము ఎక్కువ.

మరియొక ఉదాహరణము మనకు ఇంకను దగ్గరిది. రాతిపని, మట్టిపని, బండితోలకము వృత్తిగా గల వడ్డెరలు తరతరములుగా దక్షిణదేశమున చెరువులు త్రవ్విరి, కట్టలు వేసిరి, బావులు దింపిరి. కర్ణాటకమున వీరిని భోవులందురు. వీరిలో చాలమంది ఇంటి భాష తెలుగే. చెరువు త్రవ్వుటలో వీరికిగల నేర్పు లోకవిదితము. కాని త్రవ్వకపు కంట్రాక్టు వీరి పేర వచ్చుట మొన్నమొన్నటివరకు అరుదు. నేర్పు లేక కాదు. టెండరునకు కావలసిన సాధనములు లేక.

అడ్డంకులు మూడు

మొదటిది ధనము. టెండరుతో పాటు ధరావతు చెల్లింపవలెను. కేంద్రప్రభుత్వపు 2017 ఆర్థిక నియమావళి ప్రకారము ఇది సాధారణముగా అంచనా విలువలో నూటికి రెండు మొదలు అయిదు వరకు ఉండును. పని దొరకిన పిమ్మట హామీసొమ్ము వేరు. బిల్లు వచ్చువరకు కూలికి, సామగ్రికి చేతిసొమ్ము పెట్టవలెను.

రెండవది అనుభవపు షరతు. ఇట్టి పనినే ఇంత విలువకు ఇదివరకు చేసి యుండవలెనని టెండరు కోరును. మొదటి పని దొరకనిదే అనుభవము రాదు. అనుభవము లేనిదే మొదటి పని దొరకదు.

మూడవది కాగితము. ప్రకటన ఎక్కడ వెలువడునో, ఏ పత్రము జతపరుపవలెనో తెలియక పోవుటచే, తక్కువ ధరకు మేలైన పని చేయగలవాడు సైతము వెనుదిరుగుచున్నాడు.

కేంద్రప్రభుత్వపు విధానము

ఈ అడ్డంకులను తొలగించు యత్నము క్రొత్తది కాదు. అమెరికాలో 1953లో చిన్న వ్యాపారముల చట్టము వచ్చినది. మనదేశమున 1955లో జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ స్థాపింపబడినది. అయితే కొనుగోలులో నిర్ణీత భాగము చిన్నవారికి ఈయవలెనను బాధ్యత 2012లో కేంద్రము వెలువరించిన ఉత్తరువుతో ఏర్పడినది. మొదట నూటికి 20గా నున్న ఈ భాగము 2018 నాటి సవరణతో 25 అయినది. అందులో 4 వంతులు షెడ్యూల్డు కులములు, తెగలవారి సంస్థలకు, 3 వంతులు స్త్రీల సంస్థలకు ఉద్దేశింపబడినవి. 358 వస్తువులు కేవలము సూక్ష్మ, చిన్న పరిశ్రమలనుండియే కొనవలెనని నిర్ణయమైనది. వీరికి టెండరు పత్రము ఉచితము; ధరావతు మినహాయింపు కలదు.

ధర విషయమున గల వసతిని ఉదాహరణముతో చెప్పవలెను. ఒక ప్రభుత్వ సంస్థ వేయి ఇనుప బిగింపులకు టెండరు పిలిచినదనుకొందము. ఒక పెద్ద కంపెనీ ఒక్కింటికి 100 రూపాయలు కోరినది. పీణ్యలోని ఒక చిన్న కర్మాగారము 112 రూపాయలు కోరినది. తేడా నూటికి 15 లోపల నున్నందున, ఆ చిన్న కర్మాగారము 100 రూపాయలకే ఇచ్చుటకు సమ్మతించినచో, కనీసము 250 బిగింపుల ఆర్డరు దానికి దక్కును. ఇందువలన ప్రభుత్వమునకు పైసా నష్టము లేదు.

రెండు హెచ్చరికలు అవసరము. ఈ విధానము తాము తయారుచేసిన వస్తువులకు, తాము చేయు సేవలకు వర్తించును గాని, కొని అమ్ము వర్తకులకు వర్తింపదు. కట్టడపు పనుల కంట్రాక్టులకును ఇది వర్తింపదు. ఇక వసతి పొందుటకు ఉద్యమ్ నమోదు ముఖ్యము. 2020 జూలై 1 నుండి ఇది అమలులో నున్నది. దీనికి రుసుము లేదు. 2025 ఏప్రిల్ 1 నుండి యంత్రసామగ్రిపై పెట్టుబడి రెండున్నర కోట్లకు, సాలుసరి అమ్మకము 10 కోట్లకు మించనిది సూక్ష్మసంస్థ. పెట్టుబడి 25 కోట్లకు, అమ్మకము 100 కోట్లకు మించనిది చిన్నసంస్థ. 2016లో ఆరంభమైన జెమ్ అను ప్రభుత్వ విపణి ద్వారా దేశములోని ఏ సర్కారు కార్యాలయమునకైనను సరకు అమ్మవచ్చును.

కర్ణాటక చట్టము

రాష్ట్రప్రభుత్వపు కొనుగోళ్ళకు 1999 నాటి కర్ణాటక పారదర్శకతా చట్టము ఆధారము. టెండరు బహిరంగముగా పిలువవలెననియు, నిర్ణయము నచ్చనివారికి అప్పీలు హక్కు ఉండవలెననియు ఈ చట్టము విధించినది. 2016 నాటి సవరణ దీనికి క్రొత్త రూపమిచ్చినది. 50 లక్షల రూపాయలకు మించని కట్టడపు పనులలో షెడ్యూల్డు కులములవారికి నూటికి 17.15, షెడ్యూల్డు తెగలవారికి 6.95 వంతుల పనులు ప్రత్యేకింపబడినవి. 2023లో ఈ పరిమితి కోటి రూపాయలకు పెంచబడినది. 2025లో శాసనసభ ఆమోదించిన మరియొక సవరణ బిల్లును గవర్నరు రాష్ట్రపతి పరిశీలనకు పంపిరి.

కర్ణాటకమున భోవులు షెడ్యూల్డు కులములలో చేరినవారు. కావున చెరువు త్రవ్వినవాడే చెరువు కంట్రాక్టరు అగుటకు ఈ సవరణ దారి తీసినది. కాని మన పాఠకులు ఒక సంగతి మరువరాదు. ఆంధ్రప్రదేశ్‌లోను, తెలంగాణలోను వడ్డెరలు వెనుకబడిన తరగతులలో నున్నారు. కులముల పట్టిక రాష్ట్రమునకొక విధముగా నుండును. ఒక రాష్ట్రములోని గుర్తింపు మరియొక రాష్ట్రమునకు వలసపోయినవాని వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పినది. అందుచేత నిన్న కర్నూలునుండి వచ్చినవానికిని, మూడు తరములుగా కోలారున నున్నవానికిని హక్కు ఒక్కటి కాదు.

టెండరు వేయు విధము

నేడు టెండరులు చాలవరకు కంప్యూటరు ద్వారానే వేయబడుచున్నవి. ఉద్యమ్ నమోదు, పాన్, జి.ఎస్.టి., డిజిటల్ సంతకము, కట్టడపు పనులైనచో తగిన తరగతి కంట్రాక్టరు లైసెన్సు, ఇవి ముందుగానే సిద్ధపరచుకొనవలెను. ప్రకటన వచ్చిన తరువాత పరుగెత్తినచో గడువు దాటును.

టెండరు సాధారణముగా రెండు భాగములుగా నుండును. మొదటి దానిలో అర్హతాపత్రములు. రెండవ దానిలో ధర. అర్హత తేలినగాని ధర విప్పరు. ఒక్క పత్రము లోపించినను ఎంత చౌకధరయైనను వృథా. ప్రకటనను ఆమూలాగ్రము చదివి, కోరిన పత్రములను వరుసగా జాబితా వ్రాసికొనుట మొదటి నియమము. సందేహమున్నచో టెండరు ముందు జరుగు సమావేశమున అడుగవలెను.

ధర వేయుటలో తొందర కూడదు. సామగ్రి, కూలి, రవాణా, పన్ను, బీమా, కూలీల భవిష్యనిధి, పైకము ఆలస్యమగుటచే పడు వడ్డీ, ఇవన్నియు లెక్కించిన తరువాతనే లాభము కలుపవలెను. పని దక్కించుకొనవలెనను ఆత్రముతో అంచనాకంటె మిక్కిలి తక్కువకు వేసినవాడు పని గెలిచి ఇల్లు పోగొట్టుకొనును.

పైకము రాబట్టుకొనుట

చిన్నవారిని దెబ్బతీయునది టెండరు పోవుట కాదు, బిల్లు రాకపోవుట. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టము ప్రకారము సూక్ష్మ, చిన్న సంస్థలకు సరకు అందుకొన్న 45 దినములలోపల సొమ్ము చెల్లింపవలెను. ఎక్కువ గడువునకు ఒప్పందము వ్రాసికొన్నను చెల్లదు. మించినచో రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటునకు మూడు రెట్లు వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడును. బ్యాంకు రేటు 6 అనుకొన్నచో, రెండు లక్షల బిల్లు నాలుగు నెలలు ఆలస్యమైనందుకు సుమారు 12,270 రూపాయలు అదనముగా రావలెను. తగవు వచ్చినచో రాష్ట్రమునగల పరిష్కార మండలికి పోవచ్చును. మండలి తీర్పుపై కొనుగోలుదారు కోర్టుకు పోదలచినచో తీర్పుసొమ్ములో నూటికి 75 వంతులు ముందు కట్టవలెను. ఈ హక్కు కోరువారు ఒప్పందమునకు పూర్వమే నమోదు అయియుండుట క్షేమము.

మనము చేయవలసినది

చట్టము తలుపు తెరచును గాని చేయి పట్టి లోనికి నడిపింపదు. వర్గమునకు ప్రత్యేకించిన పనిని ఒకని పేర తీసికొని వేరొకడు చేయు బినామీ వ్యవహారమునకు దారి కలుగుటకు కారణమిదియే. పేరు అప్పిచ్చినవానికి స్వల్పమైన సొమ్ము దక్కును. అనుభవము, లాభము రెండును మరియొకనివి. పని చెడినచో నింద, జరిమానా మాత్రము పేరు గలవానివే.

దీనికి విరుగుడు సహాయమే. అమెరికాలో చిన్నవారికి టెండరు వ్రాయుట నేర్పు కేంద్రములకు 1985లోనే అక్కడి కాంగ్రెసు ఏర్పాటు చేసినది. మనదేశమున షెడ్యూల్డు కులములు, తెగల సంస్థలకై 2016లో ఒక జాతీయ కేంద్రము ఆరంభమైనది. ఐనను పీణ్యలోని లేతుపనివాని యొద్దకు, ఊరిబయట రాళ్ళు కొట్టు మేస్త్రీ యొద్దకు ఈ సమాచారము వారి భాషలో చేరుట లేదు. ఈ లోటును సంఘములు తీర్పగలవు. మనలో విశ్రాంత ఇంజనీర్లు, లెక్కలవారు, న్యాయవాదులు ఉన్నారు. నెలకొక ఆదివారము వారు కూర్చుండి, ఒక టెండరు ప్రకటనను తెలుగులో చదివి వివరించి, వచ్చినవారి పత్రములను సరిచూచినచో చాలును. దానికి భవనము అక్కరలేదు, చందా అక్కరలేదు. తొలి పని చేజిక్కిన ఒక్క మేస్త్రీ పది కుటుంబములకు కూలి యిచ్చును. మరుసటి టెండరునకు అతనికి అనుభవపత్రము తానే లభించును.