మాత్ర వైరస్‌ను ఆపింది, లివర్ సంగతి ఎవరు చూడాలి?

హైటెక్ సిటీ కంపెనీల మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టులు తిరగేస్తే అల్ట్రాసౌండ్ పేజీలో ఒక మాట పదేపదే తగులుతుంది: గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్. "గ్రేడ్ వనే కదా, మా టీమ్‌లో అందరికీ ఉంది" అనుకుని ఫైలు పక్కన పడేస్తారు. అందరికీ ఉందన్న మాటలో అతిశయోక్తి తక్కువే. హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు కలిసి ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 84 శాతం మందికి లివర్‌లో కొవ్వు పేరుకుని ఉంది. 71 శాతం మందికి ఊబకాయం, 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్. 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్'లో అచ్చయిన ఈ అంకెలను కేంద్ర ఆరోగ్య మంత్రి నడ్డా పార్లమెంటులోనూ చెప్పారు. 345 మంది లెక్కను ఐటీ కారిడార్ మొత్తానికి జనాభా లెక్కలా చదవకూడదన్నది నిజమే. అయినా, కుర్చీ వదలని ఉద్యోగం, అమెరికా టైమ్‌కు తిరిగే షిఫ్టు, అర్ధరాత్రి ఆర్డర్ చేసే బిర్యానీ, నిద్ర లేని వారం కలిస్తే లివర్‌కు ఏమవుతుందో ఆ అంకె చెబుతూనే ఉంది. ఆ కుర్చీల్లో హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లూ కూర్చుంటారు. వాళ్లు అదే తిండి తింటారు, అదే షిఫ్టు చేస్తారు, పైగా రోజుకో మాత్ర వేసుకుంటారు. వాళ్ల వైరస్‌ను లెక్కపెట్టే చోట లివర్ గురించి మాట్లాడటం తక్కువ. లివర్ గురించి మాట్లాడే చోట వాళ్లు వైరస్ సంగతి చెప్పరు. ఈ రెండు చోట్లనూ కలపడమే ఇప్పుడు జరగాల్సిన పని.

హెచ్ఐవీ అంటే ఇంకా ఎక్కడో లారీ డ్రైవర్ల జబ్బు అనుకునేవాళ్లు కారిడార్‌లో తక్కువేం కాదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2023 అంచనాల ప్రకారం దేశంలో 25 లక్షల మందికి పైగా హెచ్ఐవీతో జీవిస్తున్నారు. వయోజనుల్లో దేశ సగటు 0.20 శాతం అయితే తెలంగాణలో 0.44, ఆంధ్రప్రదేశ్‌లో 0.62 శాతం. అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ సగటుకు రెట్టింపు దాటే ఉన్నాయి. వీళ్లలో మందులు సక్రమంగా వాడేవాళ్లు పెద్దవాళ్లవుతున్నారు. ఈ జబ్బు చరిత్రలో ఇదే అసలైన మలుపు. ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ, అంటే వైరస్‌ను అణిచే, మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది. ఆనాడు 28 ఏళ్ల వయసులో మాత్రలు మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడు 50 గడపలో ఉన్నారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచిన కొత్తలో ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ల వయసూ ఇప్పుడు అంతే. బీపీ, షుగర్, లివర్, గుండె వరసగా పలకరించే వయసు అది.

ఆ తొలి రోజుల మందుల్లో స్టావుడిన్ ఒకటి. వైరస్‌ను అణిచేది గానీ కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను దెబ్బతీసేది. బుగ్గల్లో, చేతుల్లో కొవ్వు కరిగి ముఖం పీక్కుపోయేది, లివర్‌లో మాత్రం కొవ్వు పేరుకునేది. పీక్కుపోయిన ఆ ముఖాన్ని చూసి ఊళ్లో వాళ్లు జబ్బు పేరు ఊహించేవాళ్లు. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందును వదిలేయమంది. ఇప్పుడు మన ఏఆర్‌టీ సెంటర్లలో తొలి వరస చికిత్సగా ఇచ్చేది టీఎల్‌డీ: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన ఒకే మాత్ర. దీనికీ హైదరాబాద్‌కూ గట్టి బంధమే ఉంది. ఏడాదికి మనిషికి దాదాపు 75 డాలర్లకే ఈ మాత్రను పేద దేశాలకు అందిస్తామని 2017 సెప్టెంబర్‌లో ఒప్పుకున్న రెండు కంపెనీల్లో ఒకటి అరబిందో ఫార్మా, రెండోది మైలాన్ ల్యాబొరేటరీస్. రెండూ ఇక్కడివే. అరబిందో ప్రధాన కార్యాలయం రాయదుర్గం నాలెడ్జ్ సిటీలోనే, సాఫ్ట్‌వేర్ కంపెనీల మధ్యే ఉంది. ఆఫ్రికాలో లక్షల మందిని బతికిస్తున్న మాత్ర తాలూకు ఆఫీసు పక్క టవర్‌లో, అదే మాత్ర వేసుకునే ఉద్యోగి సీసాను బ్యాగు అడుగున దాచుకోవాల్సి రావడం మన నగరపు విచిత్రం.

ఇంతకీ హెచ్ఐవీ ఉంటే ఫ్యాటీ లివర్ ఎక్కువగా వస్తుందా? సూటిగా చెప్పాలంటే, జనం భయపడేంత తేడా కనబడదు. హెపటైటిస్ లేకుండా హెచ్ఐవీ మాత్రమే ఉన్నవాళ్లపై వచ్చిన అధ్యయనాలను 2017లో కలిపి చూస్తే దాదాపు 35 శాతం మందికి ఫ్యాటీ లివర్ తేలింది. మన దేశంలో మామూలు పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనాలను ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2022లో ఇలాగే క్రోడీకరిస్తే 38 శాతం దాటింది. పరీక్షించిన పద్ధతులు వేరు గనుక రెంటినీ తక్కెడలో పెట్టి తూచలేం. అయినా వైరస్ కంటే జీవనశైలే పెద్ద దోషి అని అనుమానించడానికి ఇది చాలు. కారిడార్ లెక్క 84 అన్నది ఆ అనుమానాన్ని బలపరుస్తుంది. వైరస్ పాత్ర వేరేచోట ఉంది. మందులతో అది రక్తంలో కనబడనంతగా తగ్గినా శరీరంలో చిన్నపాటి ఇన్‌ఫ్లమేషన్ మిగులుతుంది. మొదటి దాడిలోనే దెబ్బతిన్న పేగు గోడల్లోంచి బ్యాక్టీరియా శకలాలు రక్తంలోకి జారి, నేరుగా లివర్‌కే చేరతాయి. కొవ్వు పేరుకోవడం ఒక మెట్టు, ఆ కొవ్వు మంటగా మారి మచ్చ కట్టడం ఇంకో మెట్టు. ఈ రెండో మెట్టు దగ్గరే జాగ్రత్త కావాలి. పైన చెప్పిన 2017 సమీక్షలో బయాప్సీ దాకా వెళ్లినవాళ్లలో 22 శాతం మందికి చెప్పుకోదగ్గ ఫైబ్రోసిస్, అంటే మచ్చ కట్టడం, కనిపించింది. అనుమానం ఉన్నవాళ్లకే బయాప్సీ చేస్తారు గనుక ఈ అంకెను అందరికీ అంటగట్టకూడదు. పక్కన పెట్టేయనూ కూడదు.

ఇక్కడ మొదట వచ్చే అభ్యంతరం, ఇదంతా మాత్ర వల్లే కదా, అది మానేస్తే పోదా అని. అభ్యంతరంలో సగం నిజముంది. 2019లో వెలువడిన జొహానెస్‌బర్గ్ 'అడ్వాన్స్' ట్రయల్‌లో, 48 వారాలకు ఆడవాళ్లలో పాత ఎఫావిరెంజ్ మిశ్రమం వాడినవాళ్లు సగటున 1.7 కిలోలు పెరిగితే, మన టీఎల్‌డీ లాంటి మిశ్రమం వాడినవాళ్లు 3.2 కిలోలు పెరిగారు. టెనోఫోవిర్‌లో కొత్త రకమైన టీఏఎఫ్‌ను డోలుటెగ్రావిర్‌తో కలిపి వాడినవాళ్లు 6.4 కిలోలు పెరిగారు, మగవాళ్లలో పెరుగుదల కాస్త తక్కువ. పాత మందు కొందరిలో బరువు పెరగనీయకుండా అణిచేదని, అది తీసేశాక ఒళ్లు తన సహజ స్థితికి వచ్చిందని ఇంకో వాదన ఉంది. అందులో పస ఉందనే నాకనిపిస్తుంది. ఏ వాదన నెగ్గినా, మానేయడం మాత్రం జవాబు కాదు. మానేస్తే వైరస్ కొన్ని వారాల్లోనే తిరగబడుతుంది. దానికి తోడు టీఎల్‌డీలోని టెనోఫోవిర్, లామివుడిన్ హెపటైటిస్-బి మీద కూడా పనిచేస్తాయి. హెపటైటిస్-బి ఉన్నవాళ్లు ఈ మాత్ర హఠాత్తుగా ఆపితే లివర్ ఒక్కసారిగా మండిపోవచ్చు. లివర్‌ను కాపాడుకుందామని మాత్ర మానేసి లివర్‌నే పోగొట్టుకోవడమవుతుంది.

రెండో అభ్యంతరం ఒళ్లు చూసి చెప్పేది: సన్నగా ఉన్నాడు, మందు ముట్టడు, లివర్ ఎంజైమ్ ఎస్‌జీపీటీ నార్మల్, ఇతనికేం ఫ్యాటీ లివర్? సన్నటి చేతులూ కాళ్లూ, చొక్కా గుండీల దగ్గర బిగిసే పొట్ట మన జాతి లక్షణం లాంటిది. అందుకే మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల నడుం కొలత దాటితే జాగ్రత్తపడమంటారు. ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉండగానే మచ్చ కట్టిన లివర్లున్నాయి. అల్ట్రాసౌండ్ చెప్పే గ్రేడ్ కొవ్వు గురించే గానీ మచ్చ గురించి కాదు, కాబట్టి గ్రేడ్ వన్ అని ఊరట పొందడానికీ గ్రేడ్ టూ అని బెంబేలెత్తడానికీ అది ఆధారం కాదు. మచ్చను అంచనా వేయడానికి ఫిబ్-4 అనే చౌక లెక్క ఉంది. ఈ రోజు ప్రపంచమంతా ఫ్యాటీ లివర్‌కు వాడుతున్న ఈ లెక్క పుట్టింది హెచ్ఐవీతో పాటు హెపటైటిస్-సి కూడా ఉన్న రోగుల సమాచారంలోంచి, 2006లో. వాళ్లిచ్చిన సూత్రం అందరికీ పనికొస్తోంది, వాళ్లకే వేసి చూసేవాళ్లు తక్కువ. వయసును ఎస్‌జీఓటీ అనే మరో లివర్ ఎంజైమ్‌తో గుణించాలి. ప్లేట్‌లెట్ల సంఖ్యను వేలల్లో తీసుకుని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. 45 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 36, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు 1.6 లక్షలు అనుకుందాం. ల్యాబ్ రిపోర్టులో ఒక్క అంకె పక్కనా నక్షత్రం గుర్తు ఉండదు. లెక్క వేస్తే 1620ని 960తో భాగించాలి, దాదాపు 1.7 వస్తుంది. 1.3 దాటితే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలన్నది నియమం. 65 దాటినవాళ్లకు ఆ గీత 2. ప్లేట్‌లెట్లు తగ్గడానికి వేరే కారణాలూ ఉంటాయి, కాబట్టి వానాకాలంలో డెంగీ వచ్చి తగ్గిన నెలలో ఈ లెక్క వేసి కంగారుపడొద్దు.

తెలుసుకుని చేసేదేముంది, మందే లేదు కదా అని ఇంకొందరంటారు. పదేళ్ల కిందట ఈ మాటకు బలముండేది. 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌కు, 2025 ఆగస్టులో సెమాగ్లూటైడ్‌కు అమెరికా ఎఫ్‌డీఏ, మచ్చ మొదలైన ఫ్యాటీ లివర్ చికిత్సకు అనుమతినిచ్చింది. అయితే ఇలాంటి పెద్ద ట్రయల్స్‌లో చాలావాటికి హెచ్ఐవీ ఉన్నవాళ్లను తీసుకోరు. వాళ్ల మీదే ప్రత్యేకంగా 'స్లిమ్ లివర్' అని ఒక చిన్న అధ్యయనం జరిగింది. దాదాపు 50 మందికి 24 వారాలు సెమాగ్లూటైడ్ సూది ఇస్తే లివర్ కొవ్వు మూడో వంతు దాకా తగ్గింది. దాంతో పాటే నడుము లోపలి సోయాస్ కండరం 9 శాతం దాకా కుంచించుకుపోయింది. అసలే కండ తక్కువైన మనవాళ్లు ఈ రెండో అంకెను మొదటిదానికంటే ముందు చదవాలి. సూది లేకుండానే బరువులో 5 శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, 7 నుంచి 10 శాతం తగ్గితే మంట కూడా చల్లారుతుంది. 80 కిలోల మనిషికి ఇది 4 నుంచి 8 కిలోల మాట. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ల ప్రాణం తీసేది ఎక్కువగా గుండె జబ్బు కాబట్టి, 2023లో వచ్చిన 'రిప్రీవ్' ఫలితాన్ని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. భారత్ సహా 12 దేశాల్లో, 40 నుంచి 75 ఏళ్ల మధ్య హెచ్ఐవీ ఉన్న 7,769 మంది మీద జరిగిన ఈ ట్రయల్‌లో రోజుకో పిటావాస్టాటిన్ మాత్ర పెద్ద గుండె ప్రమాదాలను 35 శాతం తగ్గించింది. చేయగలిగింది లేదనడం ఇక చెల్లదు. చేయకూడనిది కూడా ఒకటుంది: లివర్ శుద్ధి పేరుతో అమ్మే కషాయాలు. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ రసం తాగి లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లోనే నమోదు చేశారు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం వైద్యానిది కాదు, ఆఫీసుది. లివర్ డాక్టర్‌కు హెచ్ఐవీ సంగతి చెబితే అది ఇన్సూరెన్స్ కాగితాల్లోకి, అక్కడి నుంచి హెచ్‌ఆర్ దాకా పోతుందేమో అన్న భయాన్ని తీసిపారేయలేం. చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం ఉద్యోగానికి హెచ్ఐవీ పరీక్షను షరతుగా పెట్టకూడదు, రాతపూర్వక అనుమతి లేకుండా ఒకరి హెచ్ఐవీ వివరాలు బయటపెట్టకూడదు. 100 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. కారిడార్‌లో ఈ గీతకు కింద ఉండే కంపెనీలు కొద్ది. తమ సంస్థలో ఆ అధికారి ఎవరో ఎంతమంది ఉద్యోగులకు తెలుసన్నది వేరే ప్రశ్న. కాబట్టి భారం ఉద్యోగి మీద వేయడం కంటే, అతను ఇప్పటికే నమ్మి వెళ్లే చోటికే లివర్ పరీక్షను తేవడం తేలిక. ఫ్యాటీ లివర్‌ను జాతీయ అసాంక్రమిక వ్యాధుల కార్యక్రమంలో కేంద్రం 2021 ఫిబ్రవరిలోనే చేర్చింది. ఆ కార్యక్రమం రిజిస్టరు వేరు, ఏఆర్‌టీ సెంటర్ రిజిస్టరు వేరు. ఉస్మానియాలోనో గాంధీలోనో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోనో మాత్రల కోసం వచ్చిన మనిషికి నడుం కొలిచి, ఏడాదికోసారి ఫిబ్-4 వేస్తే, రక్తపరీక్ష అంకెలు చేతిలో ఉన్నప్పుడు అదనంగా పట్టేది ఒక టేపు, రెండు నిమిషాలు. ప్రైవేటులో చూపించుకునేవాళ్లు తాము వేసుకునే మాత్ర పేరైనా లివర్ డాక్టర్‌కు చెప్పక తప్పదు. డోలుటెగ్రావిర్ వాడుతుంటే రక్తంలో షుగర్ మందు మెట్‌ఫార్మిన్ స్థాయి పెరుగుతుంది, అందుకని షుగర్ ఉన్నవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు దాటించరు. ఆ సంగతి తెలియని డాక్టర్ మామూలు లెక్క ప్రకారం 2000 దాకా రాసేయగలరు.