స్నేహితుడుంటే చాలు, మధ్యధరా చుట్టేయొచ్చా? అపోహలు – వాస్తవాలు

బార్సిలోనాలోనో రోమ్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న స్నేహితుడు ఫోన్‌లో "ఇల్లుందిగా, ఇద్దరూ వచ్చేయండి" అంటాడు. ఆ మాట బయటికి పొక్కగానే చుట్టాలు, ఆఫీసువాళ్లు, వాట్సాప్ గ్రూపులు తలా ఒక సలహా ఇస్తారు. వాటిలో పనికొచ్చేవి కొన్ని. మిగతావి సినిమాలు, రీల్సు చూసి పుట్టినవి. ఆలుమగలు టికెట్లు కొనేముందే తేల్చుకోవాల్సినవి ఇక్కడ చూద్దాం.

అపోహ: అక్కడ మనవాడున్నాడు కాబట్టి వీసా ఇట్టే వచ్చేస్తుంది.

వాస్తవం: ఆహ్వానం దరఖాస్తుకు తోడు మాత్రమే, దాన్ని చూసి వీసా ఇవ్వరు. స్పెయిన్‌లో ఉన్న స్నేహితుడు తన ఇంట్లో బస ఇవ్వాలంటే అక్కడి జాతీయ పోలీసుల దగ్గర ఆహ్వాన పత్రం తీసుకుని మనకు పంపాలి. అందుకు వారాలు పట్టొచ్చు. ఫ్రాన్స్‌లో అదే పత్రం పురపాలక కార్యాలయం ఇస్తుంది. అది చేతిలో ఉన్నా మన బ్యాంకు స్టేట్‌మెంట్లు, తిరుగు ప్రయాణం వివరాలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాల్సిందే. భార్యాభర్తలైనా ఎవరి దరఖాస్తు వారిదే, ఎవరి రుసుము వారిదే. 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు అది 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి.

అపోహ: సులువుగా వీసా ఇచ్చే దేశంలో తీసుకుంటే మధ్యధరా తీరమంతా తిరగొచ్చు.

వాస్తవం: ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. అన్ని దేశాల్లోనూ సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. పైగా మధ్యధరా తీరమంతా ఒకే వీసా చెల్లే షెంజెన్ కూటమిలో లేదు. మొరాకో, ట్యునీషియా, ఈజిప్టు, టర్కీ ఆ పరిధిలోకి రావు. స్పెయిన్ దక్షిణ కొసన తరీఫాలో పడవెక్కితే సుమారు గంటలో మొరాకోలోని టాంజియర్ చేరొచ్చు. అయితే మొరాకో అనుమతి వేరే తీసుకోవాలి. మీ షెంజెన్ వీసా సింగిల్ ఎంట్రీ అయితే మళ్లీ స్పెయిన్‌లోకి రానివ్వరు. సూటుకేసు స్నేహితుడింట్లో, మీరు సముద్రానికి అవతల!

అపోహ: స్నేహితుడికి ఇంటి నుంచి ఏదైనా పట్టుకెళ్లొచ్చు.

వాస్తవం: బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల ఉత్పత్తులు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. కాబట్టి నాటుకోడి పచ్చడి, నెయ్యి సీసా ఇంట్లోనే వదిలేయాలి. చాలా రకాల తాజా పండ్లు, ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. బంగినపల్లి మామిడి, పచ్చి కరివేపాకు ఆ లెక్కలోకే వస్తాయి. ఆవకాయ, కందిపొడి లాంటివాటికి ఈ నిషేధం వర్తించదు. కాకపోతే మూత గట్టిగా బిగించి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి.

అపోహ: సముద్రం పక్కనే కదా, వేసవిలో చల్లగా ఉంటుంది.

వాస్తవం: 2021 ఆగస్టు 11న ఇటలీలోని సిసిలీ దీవిలో, సిరాక్యూస్ దగ్గర 48.8 డిగ్రీలు నమోదైంది. యూరప్ ఖండంలో అదే రికార్డని ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించింది. రెంటచింతల ఎండలు ఎరిగిన మనకు అదేం లెక్క అనుకోవద్దు. ఎండలో మనం ఇంటిపట్టున ఉంటాం, యాత్రికుడు మిట్టమధ్యాహ్నం నీడలేని రాతి గుట్టెక్కుతాడు. ఏథెన్స్‌లో వడగాలులు వీచినప్పుడు, 2023 జులైలోనూ 2024 జూన్‌లోనూ, అక్రోపోలిస్‌ను మధ్యాహ్నం వేళ మూసేశారు. మధ్యధరా తీరంలో వానలు పడేది శీతాకాలంలో. ఏప్రిల్–మే, సెప్టెంబరు–అక్టోబరు నెలలు హాయిగా ఉంటాయి. ఆగస్టు నడుమ ఇటలీలో చాలా కుటుంబ దుకాణాలు సెలవు బోర్డు పెట్టేస్తాయి.

అపోహ: శాకాహారులకు పిజ్జా తప్ప దిక్కులేదు.

వాస్తవం: గ్రీసులో 'ఫావా' అడగండి. పసుపు పప్పును మెత్తగా ఉడికించి, పైన ఆలివ్ నూనె పోసి, ఉల్లిముక్కలు చల్లి ఇస్తారు. అచ్చం మన ముద్దపప్పే, పోపు లేదంతే. టమాటా గుజ్జులో ఉడికించిన పెద్ద చిక్కుడు గింజలు, నిమ్మరసం పిండిన ఉడికించిన ఆకుకూరలు కూడా దొరుకుతాయి. ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో మాంసం, పాలు, గుడ్లు లేని వంటకాలు హోటళ్లలో మరింత పెరుగుతాయి. అయితే ఆ ఉపవాసంలో రొయ్యలు, కణవలు తినొచ్చు కాబట్టి అడిగి తీసుకోవాలి. జాగ్రత్తపడాల్సినవి వేరే ఉన్నాయి. స్పెయిన్‌లో మామూలు సలాడ్‌లోనే ట్యూనా చేప వేస్తుంటారు. ఇటలీ పార్మిజానో చీజ్ తయారీలో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు. ఇక భోజనం వేళలు: స్పెయిన్‌లో రాత్రి భోజనం తొమ్మిదికి గానీ ఊపందుకోదు. ఏడింటికే ఆకలేసేవాళ్లు స్నేహితుడి వంటింటిని నమ్ముకోవాల్సిందే.

అపోహ: ఐరోపాలో దొంగల భయం ఉండదు.

వాస్తవం: మీద పడి కొట్టేవాళ్లు తక్కువే, జేబు కొట్టేవాళ్లు మాత్రం ఆరితేరినవాళ్లు. బార్సిలోనాలో రాంబ్లా వీధి, మెట్రో, రోమ్‌లో టెర్మిని స్టేషన్, వాటికన్ వైపు వెళ్లే 64వ నంబరు బస్సు ఇందుకు పేరుమోసినవి. ఒకడు సంతకం చేయమని కాగితం చాపుతాడు, ఇంకొకడు చొక్కా మీద పిట్ట రెట్ట పడిందని తుడవబోతాడు. మీ చూపు మరలిన ఆ క్షణంలోనే మూడోవాడు పని కానిచ్చేస్తాడు. పాస్‌పోర్టులు, కార్డులు భార్యాభర్తల్లో ఒకరి దగ్గరే పెట్టకండి. బంగారం ఇంట్లోనే ఉంచి వెళ్లండి.

అపోహ: అడుగు తీసి అడుగేస్తే డబ్బే, మంచినీళ్లు కూడా కొనుక్కోవాలి.

వాస్తవం: రోమ్ వీధుల్లో సుమారు 2,500 ఇనుప కుళాయిలు ఉచితంగా మంచినీళ్లిస్తాయి. వాటి వంపు గొట్టం చివర వేలు అడ్డం పెడితే, పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండానే తాగొచ్చు. సెయింట్ పీటర్స్ బసిలికా ప్రవేశం ఉచితం, కాకపోతే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. స్పెయిన్ హోటళ్లలో పనిదినాల మధ్యాహ్నం ఒకే ధరకు రెండు వంటకాలు, బ్రెడ్, పానీయం, తీపి కలిపి పెడతారు. జేబుకు చిల్లుపడేది నిర్లక్ష్యం వల్లే. ఇటలీలో ప్రాంతీయ రైలు కాగితం టికెట్‌ను ఎక్కేముందు యంత్రంలో ముద్ర వేయించకపోతే జరిమానా పడుతుంది. కార్డు గీసేటప్పుడు రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి.

అపోహ: ఏథెన్స్ అక్రోపోలిస్ మీది పార్థెనాన్ కాలం గడిచి దానంతటదే కూలిపోయింది.

వాస్తవం: క్రీ.పూ. 447లో మొదలైన ఆ కట్టడం గుడిగా, చర్చిగా, మసీదుగా రెండు వేల ఏళ్లకు పైగా చాలావరకు నిలిచే ఉంది. 1687లో అది ఒట్టోమన్ల మందుగుండు గిడ్డంగి. వెనీస్ సేనల గుండు తగిలి పేలిపోయింది. తర్వాత బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు ఊడదీసుకెళ్లిన శిల్పాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, మన అమరావతి శిల్పాలున్న చోటే ఉన్నాయి. పార్థెనాన్ పాలరాయి మొదటి నుంచీ తెల్లగా ఉందనుకోవడమూ పొరపాటే, శిల్పాలకు రంగులు వేసేవారు.

అపోహ: బార్సిలోనాలోని సగ్రాదా ఫమీలియా చర్చిని మొదలుపెట్టింది వాస్తుశిల్పి గౌడీ.

వాస్తవం: 1882లో పునాది వేసినప్పటి వాస్తుశిల్పి ఫ్రాన్సిస్కో డి పౌలా డెల్ విల్యార్. గౌడీ 1883లో చేపట్టాడు, 1926లో ట్రామ్ ఢీకొని చనిపోయాడు. 1936లో అంతర్యుద్ధం వేళ అల్లరి మూకలు ఆయన నక్షాలు తగలబెట్టి, నమూనాలు పగలగొట్టాయి. పని ఇంతకాలం సాగడానికి అదొక కారణం. కట్టడానికి డబ్బు విరాళాల నుంచి, యాత్రికుల టికెట్ల నుంచి వస్తుంది. ఆ టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, అప్పటికప్పుడు దొరుకుతాయనుకోవద్దు.

అపోహ: ఇటలీలోని పాంపేలో దొరికింది లక్ష్మీదేవి విగ్రహం.

వాస్తవం: క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేలో 1938లో ఒక దంతపు బొమ్మ బయటపడింది. జానెడు పొడవు, నడుముకు మేఖల, చేతుల నిండా గాజులు, మోకాళ్ల దాకా కడియాలు, అటూ ఇటూ ఇద్దరు చెలికత్తెలు. మొదట లక్ష్మి అన్నారు, ఇప్పుడు యక్షిణి అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఇలాంటి బొమ్మలు శాతవాహనులు ఏలిన దక్కనులో, మహారాష్ట్రలోని భోకర్దన్, తేర్‌లలో దొరికాయి. నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఈ బొమ్మ ముందు కాసేపు ఆగండి.

అపోహ: పది రోజుల్లో ఐదు దేశాలు చూసేయొచ్చు.

వాస్తవం: చూసేది విమానాశ్రయాలే. నగరం మారిన ప్రతిసారీ సర్దుకోవడం, వెళ్లడం, దిగడంతో సగం రోజు పోతుంది. స్నేహితుడికీ ఆఫీసుంటుంది, సాయంత్రాలు, వారాంతాలే అతను ఇవ్వగలడు. పది రోజులకు రెండు నగరాలు, మహా అయితే మూడు. పత్రాలు, టికెట్లు మీ పూచీ. ఏ సందులో మంచి భోజనం దొరుకుతుందో చెప్పడం స్నేహితుడి వంతు. ఈ లెక్కతో బయల్దేరితే యాత్రా బాగుంటుంది, స్నేహమూ నిలుస్తుంది.