సుగ్గికి పోయినంత మాత్రాన ఓటు పోదు

ఎమ్మిగనూరు (మా విలేఖరి): ఖరీఫ్ పంట ఇంటికి చేరగానే కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో సుగ్గి ప్రయాణాలు మొదలవుతాయి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల నుంచి కూలి కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోవడం ఏటా చూస్తున్నదే. పిల్లాజెల్లాతో, గిన్నెలూ చెంబులతో జనం లారీ ఎక్కితే వీధిలో మిగిలేవి బీగాలు వేసిన ఇళ్ళు, కదలలేని ముసలివాళ్ళు. మళ్ళీ ఊరు నిండేది ఎండలు ముదిరాకనే.

చిక్కేమిటంటే, ఓటర్ల జాబితాలో చేర్పులు, తీసివేతలు సాధారణంగా చలికాలంలోనే సాగుతాయి. తుది జాబితా జనవరిలో వెలువడుతుంది. 2021లో పంచాయతీ ఎన్నికలు ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లోనూ, మునిసిపల్ ఎన్నికలు మార్చి 10న జరిగాయి. అంటే నిండు సుగ్గి కాలమన్నమాట. కనుక ఊరు విడిచి పోయేవారు తమ ఓటు సంగతి ముందే చూసుకోవడం అవసరం.

చెరువులో ఉంటేనే కాలువలోకి

పంచాయతీకి, మునిసిపాలిటీకి వేరుగా పేరు రాయించుకోవాలని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు. అసెంబ్లీ ఓటర్ల జాబితానే ఆధారం చేసుకుని, అందులోని పేర్లను వార్డులవారీగా విడదీసి స్థానిక ఎన్నికలకు జాబితా తయారు చేస్తారు. ఈ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. అసెంబ్లీ జాబితా చూసేది కేంద్ర ఎన్నికల సంఘం. చెరువులో నీరుంటేనే కాలువలో పారినట్లు, అసెంబ్లీ జాబితాలో పేరుంటేనే పంచాయతీ జాబితాలోకి వస్తుంది. చేతిలో ఓటరు కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. జాబితాలో పేరుండి కార్డు పోయినవారికి మాత్రం ఇతర గుర్తింపు పత్రాలతో ఓటు వేసే వీలుంది.

ఏ ఏడాది జాబితా తీసుకుంటారన్నది కూడా ముఖ్యమే. 2021 పంచాయతీ ఎన్నికలకు కొత్త జాబితా అందక 2019 నాటి జాబితాతోనే పోలింగు జరిపారు. ఆ మధ్య కాలంలో 18 ఏళ్ళు నిండిన యువతీయువకులు ఎందరో ఓటు లేక చూస్తూ ఉండిపోవలసి వచ్చింది. కొందరు కోర్టు మెట్లు కూడా ఎక్కారు. అది వారి చేతిలో లేని విషయం. మన చేతిలో ఉన్న పని, అర్హత రాగానే పేరు రాయించుకోవడం.

బీగం చూసి పేరు కొట్టేయరాదు

సుగ్గికి పోయినవారు ఊరు విడిచినట్లే లెక్క అని గిట్టనివారు వాదించడం కద్దు. చట్టం అలా చెప్పడం లేదు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఓటుకు కావలసింది ఆ ఊళ్ళో మామూలుగా నివాసం ఉండడం. పని మీద తాత్కాలికంగా బయటకు పోయినంత మాత్రాన ఆ నివాసం పోదని 20వ సెక్షను స్పష్టంగానే చెబుతోంది. మూడు నాలుగు నెలలు కూలికి పోయి తిరిగి వచ్చేవారు ఊరివారే.

ఊళ్ళో ఉండడం లేదన్న కారణం చూపి పేరు తీసేయాలన్నా ముందుగా ఆ ఓటరు మాట వినాలి. తీసేయమని ఎవరైనా ఏడో నంబరు ఫారం ఇచ్చినా ఇదే పద్ధతి. అయితే నోటీసు వచ్చేది ఊళ్ళోని ఇంటికే. బీగం ఉన్న ఇంటికి అంటించిన కాగితం గాలికి పోతే గుంటూరు చేలో ఉన్న మనిషికి తెలిసేదెలా? అందుకే పోయేముందు ఇరుగు పొరుగుకో, ఇంట్లోని పెద్దలకో ఈ సంగతి చెప్పి పోవాలి. బూత్ స్థాయి అధికారికి ఫోను నంబరు ఇచ్చి పోవడం ఇంకా మంచిది. అన్యాయంగా పేరు తీసేశారనుకుంటే 15 రోజుల్లోగా కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు.

పొలం ఇక్కడ, కాపురం అక్కడ

దీనికి మరో వైపు కూడా ఉంది. పిల్లల చదువులకని ఆదోనికో, ఎమ్మిగనూరుకో కాపురం మార్చి, పండుగకు మాత్రమే ఊరికి వచ్చేవారున్నారు. ఊళ్ళో ఇల్లుంది, పొలముంది కాబట్టి ఓటు కూడా ఉండాలంటారు. సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన ఆ ఊరి నివాసి అయిపోరని అదే 20వ సెక్షను చెబుతోంది. కాపురం ఎక్కడో ఓటు అక్కడ. పట్టణంలో ఉండేవారు అక్కడి వార్డు కౌన్సిలరును ఎన్నుకోవాలి. ఊళ్ళో ఉండేవారు సర్పంచికి ఒకటి, వార్డు సభ్యునికి ఒకటి, రెండు ఓట్లు వేస్తారు. రెండు చోట్లా పేరు ఉంచుకోవడం చట్టవిరుద్ధం. తెలిసి తప్పుడు వివరాలు రాసి సంతకం పెడితే ఏడాది వరకు జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు.

అత్తవారింటికి వచ్చిన కోడళ్ళ పేర్లు ఏళ్ళ తరబడి పుట్టింటి జాబితాలోనే ఉండిపోవడం ప్రతి ఊళ్ళోనూ కనిపించేదే. పోలింగు నాడు అక్కడికి పోలేక, ఇక్కడ పేరు లేక, వారి ఓటు రెంటికీ చెడుతోంది.

ఏ ఫారం దేనికి?

కొత్తగా పేరు చేర్చడానికి ఆరో నంబరు ఫారం. ఊరు మారినా, పేరులో, వయసులో తప్పులున్నా, కార్డు పోయినా ఎనిమిదో నంబరు ఫారం. వేరే నియోజకవర్గం నుంచి మారేవారు కూడా 2022 ఆగస్టు నుంచి ఎనిమిదో నంబరే ఇవ్వాలి. వయసుకు పదో తరగతి సర్టిఫికెట్టు, జనన ధ్రువపత్రం వంటివి, చిరునామాకు కరెంటు బిల్లు, బ్యాంకు పాసుపుస్తకం వంటివి జతపరచాలి. ఫారం బూత్ స్థాయి అధికారికి గాని, తాసిల్దారు కార్యాలయంలో గాని ఇవ్వవచ్చు. సందేహాలకు 1950 నంబరుకు ఫోను చేయవచ్చు.

వెనుక జనవరి 1 నాటికి 18 నిండినవారినే చేర్చేవారు. 2022 నుంచి జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల 1వ తేదీలను లెక్కలోకి తీసుకుంటున్నారు. ఫిబ్రవరిలో 18 నిండిన కుర్రవాడు మరుసటి జనవరి దాకా ఆగనక్కర్లేదు, ఏప్రిల్‌లోనే అర్హుడవుతాడు. 17 దాటినవారు ముందుగానే దరఖాస్తు ఇచ్చి ఉంచుకోవచ్చు.

ఫారం ఇచ్చిన నాడే పేరు ఎక్కదు. అభ్యంతరాలకు ఏడు రోజులు గడువిచ్చి, విచారించి, ఆ తర్వాతే చేరుస్తారు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే పని కాదనుకోవడమే క్షేమం. పంచాయతీ కార్యాలయంలో వార్డులవారీ ముసాయిదా జాబితా అంటించినప్పుడు చదువుకున్న కుర్రవాళ్ళు నిలబడి, సుగ్గికి పోయిన ఇళ్ళ పేర్లు కూడా సరిచూస్తే ఊరికి మేలు చేసినవారవుతారు. పొరబాటున పక్క వార్డులో పడిన పేర్లపై అప్పుడే అభ్యంతరం చెప్పాలి.

ఇంతా చేసి ఒక్క ఓటుకేనా అనేవారుంటారు. వార్డు ఎన్నికల్లో ఒకటి రెండు ఓట్లతో గెలిచినవారూ, ఓడినవారూ ఉన్నారు. ఓట్లు సమానమైతే చీటీ వేసి గెలుపు తేలుస్తారు. ఐదేళ్ళపాటు వీధి కుళాయి, మురుగు కాలువ, దీపాల సంగతి చూసే మనిషిని చీటీకి వదిలేయడం కంటే, ముందుగా ఒక ఫారం నింపి ఇవ్వడం మేలు కదా!