దిద్దే పనిలో ఏది యంత్రానికి, ఏది టీచరుకు?

టొరంటోను ఆనుకుని ఉత్తరాన ఉన్న వాన్ నగరంలో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల పిల్లలున్న తెలుగు ఇళ్లకు సాధారణంగా నవంబరులో బడి నుంచి ఒక రిపోర్టు వస్తుంది. అందులో మార్కులుండవు, గ్రేడ్లుండవు. ప్రతి సబ్జెక్టులోనూ చదువు చాలా బాగా సాగుతోందా, బాగానే సాగుతోందా, కష్టంగా సాగుతోందా అన్నదానికి ఒక టిక్కు, పక్కన టీచరు రాసిన కొన్ని మాటలు, అంతే. "ఇంతకీ ఎన్నొచ్చాయి?" అని అడగడం అలవాటైన మనకు అది వెలితిగానే ఉంటుంది. ఒంటారియో ప్రభుత్వం 2010లో 'గ్రోయింగ్ సక్సెస్' పేరుతో తెచ్చిన మూల్యాంకన విధానంలో ఇదొక భాగం. మార్కు వేసే ముందే ఏది బాగుందో, ఏది మెరుగుపడాలో, అందుకు ఏం చేయాలో పిల్లలకు చెప్పాలంటుంది ఆ విధానం.

ఈ పద్ధతికి బలమైన ఆధారం ఉంది. పరిశోధకురాలు రూత్ బట్లర్ ఇజ్రాయెల్‌లో అయిదు, ఆరు తరగతుల పిల్లలతో చేసిన ప్రయోగం 1988లో అచ్చయింది. కొందరికి మార్కులు మాత్రమే ఇచ్చారు, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, మిగిలినవారికి రెండూ. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవారు. రెండూ అందుకున్నవారికి వ్యాఖ్యల వల్ల లాభం కలగలేదు. మార్కు కనబడితే పిల్లల దృష్టి దానిమీదే నిలిచిపోతుందన్నమాట.

మరి అంత రాసే తీరిక టీచరుకు ఎక్కడిది? పాతిక నోటుపుస్తకాలు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలనుకున్నా వంద నిమిషాలు. ఈ కష్టం తెలిసిన మిషిగన్ సైన్సు టీచరు రేనాల్డ్ జాన్సన్ 1930లలో ఒక ఉపాయం కనిపెట్టాడు. పెన్సిల్ గీతలోని గ్రాఫైట్ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కాబట్టి, జవాబు కాగితంలో ఏ గడిలో గీత ఉందో యంత్రమే పసిగట్టగలదు. అదే 1938లో ఐబీఎం 805 అయింది. మన ఓఎంఆర్ షీట్లకు అది పూర్వీకురాలు.

లెక్కించే పనిని యంత్రానికి అప్పగించడం మంచిదే. క్విజ్‌ను గూగుల్ ఫామ్స్ దిద్దిపెడుతుంది. బర్కిలీ విశ్వవిద్యాలయంలో పుట్టిన గ్రేడ్‌స్కోప్ అనే సాఫ్ట్‌వేరు ఒకేలాంటి జవాబులను ఒకచోట చేరుస్తుంది, ఒక తప్పుకు ఒకసారి వ్యాఖ్య రాస్తే చాలు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేని దారి కూడా ఉంది. అన్ని పుస్తకాలూ చదివి, ఎక్కువమంది చేసిన రెండు మూడు తప్పులు ఒక కాగితం మీద రాసుకుని, మర్నాడు తరగతి మొత్తానికీ మళ్లీ చెప్పి, ఎవరి పని వారిచేతే దిద్దించాలి. అన్నిటికన్నా నాకు నచ్చింది ఇదే, ఎందుకంటే ఇక్కడ దిద్దేది విద్యార్థి.

ఇప్పుడు కృత్రిమ మేధ వ్యాఖ్యలు కూడా రాస్తోంది. చిత్తుప్రతి వరకు అది ఉపయోగమే. కానీ భిన్నాల దగ్గర నెల రోజులుగా తడబడుతున్న పిల్ల ఈరోజు ఒక మెట్టెక్కిందని గుర్తుపట్టేది ఆమెను రోజూ చూసే టీచరే. ఆ మాటను కూడా యంత్రానికి వదిలేస్తే, ఆదా అయిన సమయానికి అర్థం లేదు.

ఈసారి రిపోర్టు వచ్చినప్పుడు టిక్కులు లెక్కపెట్టకండి. తర్వాత ఏం చేయాలో టీచరు రాసిన వాక్యాన్ని బిడ్డతో కూర్చుని చదవండి. టీచరును కలిసినప్పుడు ఆ వాక్యం గురించే అడగండి.