రేడియేషన్ రోజుల్లో మూత్రం మీద పట్టు

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలుపెట్టబోతున్న పెద్దలు గానీ, ఇప్పటికే మొదలుపెట్టినవారు గానీ మీ ఇంట్లో ఉంటే ఈ వారం శీర్షిక వారి కోసం. మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అంటారే, అదే. షోళింగనల్లూరులో స్థిరపడిన మన కుటుంబాలు ఊళ్లో ఉన్న తండ్రులను ఇక్కడికి తెచ్చుకుని ఈ వైద్యం చేయిస్తుంటాయి. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో 1954లో మొదలైన అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మనకు దగ్గరే. తరమణిలో 2019లో ప్రోటాన్ కిరణాల కేంద్రం కూడా వచ్చింది. వైద్యానికి కొరత లేదు. కొరత అంతా పెద్దలు నోరు విప్పి అడగకపోవడంలోనే ఉంది.

ఏం జరుగుతుందో చూడండి. రేడియేషన్ మొదలైన రెండు మూడు వారాలకు మూత్రం మాటిమాటికీ వస్తుంది, మంట పుడుతుంది, వచ్చిందంటే ఆగదు. ఒక్కోసారి బట్టల్లో చుక్క పడుతుంది. అబ్బాజాన్ ఎవరికీ చెప్పరు. మసీదులో ముందు వరుస వదిలి తలుపు దగ్గర నిలబడతారు. తర్వాత జుమాకు కూడా వెళ్లరు. నీళ్లు తాగడం తగ్గిస్తారు, దాంతో మంట ఇంకా పెరుగుతుంది. చివరికి "ఇక చాలు, ఈ కరెంటు నావల్ల కాదు" అంటారు. వైద్యం మధ్యలో ఆపడం అన్నిటికన్నా ప్రమాదం. డాక్టర్లు లెక్కకట్టిన మోతాదు పూర్తిగా అందితేనే ఫలితం. కొందరికి 4 వారాల్లో 20 సార్లు, కొందరికి ఏడెనిమిది వారాల్లో 37 నుంచి 39 సార్లు ఇస్తారు. ఈ మధ్య ఎంపిక చేసిన కొందరికి 5 సార్లతోనే ముగిస్తున్నారు. ఎన్నిసార్లయినా పూర్తి కావాలి.

ప్రోస్టేట్ గ్రంథి మూత్రాశయం కింద అక్రోట్ కాయంత ఉంటుంది. మూత్రనాళం దాని మధ్యలోంచే వస్తుంది. అందుకే గ్రంథికి తగిలే కిరణాల ప్రభావం కొంత నాళానికీ, మూత్రాశయానికీ, వెనకున్న పేగుకూ తగులుతుంది. ఇందులో ఊరట కలిగించే మాట ఒకటుంది. బ్రిటన్‌లో 1,643 మంది మీద జరిగి 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, మూత్రం కారిపోయే బాధ ఆపరేషన్ చేయించుకున్నవారిలోనే ఎక్కువని తేలింది. రేడియేషన్ వారిలో కారడం మీద ప్రభావం తక్కువ. వారికి చికాకు, ఆత్రం ఎక్కువ. అవి కూడా చాలామందికి మొదటి ఆరు నెలల తర్వాత నెమ్మదించాయి. కాబట్టి ఇది జీవితాంతం ఉండే గతి అని బెంగపడకండి.

ఈ కాలాన్ని దాటడానికి సాయపడేది కటి అడుగు కండరాల వ్యాయామం. ముందు జఘన ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, లోపల ఊయల గుడ్డలా పరుచుకున్న కండరాలు ఇవి. మూత్రాశయాన్ని, పేగును కింద నుంచి మోసేవి ఇవే. యూనానీలో ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి అవసరాలు చెప్పారు. వాటిలో శరీర కదలిక, విశ్రాంతి కలిపి ఒకటి. ఆపుకోవడం, విసర్జించడం కలిపి మరొకటి. ఈ వ్యాయామం ఆ రెంటికీ చెందుతుంది. అలాగని ఇదంతా మన గ్రంథాల్లోదేనని చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఇబ్నె సీనా తన ఖానూన్‌లో రియాజత్ గురించి, మూత్రాశయ వ్యాధుల గురించి రాశారు. అయితే ఈ వ్యాయామాన్ని 1948లో ప్రచారంలోకి తెచ్చింది ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు, అదీ కాన్పయిన స్త్రీల కోసం. మీ ఇంటి ఆడవారికి ఇది ముందే తెలిసి ఉండవచ్చు. మగవారిలో దీని మేలు ప్రోస్టేట్ ఆపరేషన్ అయినవారి మీద ఎక్కువగా పరీక్షించారు. రేడియేషన్ వారి మీద జరిగినవి చిన్న పరిశోధనలే. దీనివల్ల క్యాన్సర్ తగ్గదు. పట్టు పెరుగుతుంది, అంతే.

ముందుగా కండరాన్ని గుర్తుపట్టాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నలుగురిలో కూర్చున్నప్పుడు గాలి పోకుండా ఎలా బిగపడతారో అలా వెనక బిగించండి. అదే సమయంలో ముందు మూత్రం ధార ఆపుతున్నట్టు లోపలికి లాగండి. సరిగా చేస్తే అంగం మొదలు కొద్దిగా లోపలికి పోతుంది, వృషణాలు కొంచెం పైకి లేస్తాయి. పిరుదులు, తొడలు, పొట్ట బిగుసుకోకూడదు. ఊపిరి ఆపకూడదు. ముఖం ఎర్రబడేలా ముక్కుతున్నారంటే తప్పు కండరాన్ని వాడుతున్నారన్నమాట. నిజంగా మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం గుర్తుపట్టడానికి ఒక్కసారి చేయవచ్చు గానీ దాన్ని వ్యాయామంగా పెట్టుకోవద్దు, మూత్రం లోపల మిగిలిపోతుంది.

బిగించి మూడు నుంచి అయిదు సెకన్లు ఉంచండి. అంతే సేపు పూర్తిగా వదలండి. ఈ వదలడం దగ్గరే చాలామంది తొందరపడతారు. బిగించడం ఎంత ముఖ్యమో వదలడం అంతే ముఖ్యం. ఇలా పది సార్లు. తర్వాత టక్కున బిగించి టక్కున వదిలేవి మరో పది. వారాలు గడిచేకొద్దీ పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. రోజుకు మూడు పూటలు చాలు: ఫజ్ర్ తర్వాత, జుహర్ తర్వాత, ఇషా తర్వాత అని పెట్టుకుంటే మరచిపోరు. కొందరు తస్బీహ్ పూసల మీద ఈ లెక్క పెడతారట. వద్దు, తస్బీహ్‌ను జిక్ర్‌కే ఉంచండి, ఇది వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. పడుకుని అలవాటయ్యాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయండి. ఫలితం కనబడడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. అందుకే డాక్టరు రేడియేషన్ అని చెప్పిన రోజే మొదలుపెట్టమంటాను.

ఆత్రం వచ్చినప్పుడు బాత్రూముకు పరుగెత్తవద్దు. పరుగులోనే కారుతుంది. ఉన్నచోటే ఆగి, అయిదారు సార్లు టకటకా బిగించండి. ఆ ఉధృతి అలలా వచ్చి తగ్గుతుంది. తగ్గాక నెమ్మదిగా నడిచి వెళ్లండి. దగ్గు, తుమ్ము వచ్చే ముందు, కుర్చీలోంచి లేచే ముందు ఒకసారి బిగించండి. నమాజులో సజ్దా నుంచి లేచేటప్పుడు పొట్ట మీద ఒత్తిడి పడి చుక్క రావచ్చు, అప్పుడూ ఇదే. బయటికి ఎవరికీ కనబడదు. "అయిదు పూటలు నమాజు చేస్తున్నాం, ఆ కదలికలు చాలవా?" అని అడుగుతుంటారు. నడుముకు, మోకాళ్లకు మంచివే గానీ ఈ కండరాన్ని విడిగా బిగించాల్సిందే.

మూత్రం పోశాక లేచి నాలుగడుగులు వేసేసరికి రెండు చుక్కలు పడడం వేరే సంగతి. నాళం వంపులో నిలిచినది అది. మనకు ఇస్తిబ్రా అలవాటు ఉండనే ఉంది. దానికి ఇది కలపండి: పోయడం అయ్యాక ఒకసారి గట్టిగా బిగించి వదలండి. తర్వాత వృషణాల వెనక రెండు వేళ్లతో మెల్లగా ఒత్తుతూ ముందుకు తీసుకురండి. మిగిలినది వచ్చేస్తుంది. రెండు మూడు సార్లు చాలు. పావుగంట సేపు పిండుతూ కూర్చుంటే అది వస్‌వసా, నాళానికీ మంచిది కాదు. చుక్కలు ఎంతకీ ఆగనివారికి వుజూ విషయంలో మాజూర్‌కు ఉన్న వెసులుబాటు గురించి ఇమామ్ సాహెబ్‌ను అడగండి. దాన్ని తెలుసుకోకుండా మసీదు మానేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇక ప్రయాణం. రేడియేషన్‌కు మూత్రాశయం నిండి, పేగు ఖాళీగా ఉండాలని చెబుతారు. నిండిన మూత్రాశయంలో ఎక్కువ భాగం కిరణాల దారికి దూరంగా ఉంటుంది. కానీ షోళింగనల్లూరు నుంచి ఆ రద్దీలో నిండు మూత్రాశయంతో వెళ్లడం వయసు మీద పడినవారికి శిక్షే. ఆసుపత్రికి చేరాక, అక్కడే ఖాళీ చేసి, వారు చెప్పిన కొలత నీళ్లు వారు చెప్పిన సమయానికి తాగడానికి వీలుందా అని అడగండి. బల్ల మీద పడుకున్నాక మాత్రం వ్యాయామం చేయవద్దు. కండరం బిగిస్తే ప్రోస్టేట్ కదులుతుంది, గురి తప్పుతుంది. అక్కడ వదులుగా పడుకోవాలి.

మన మందుల సంగతి కూడా చెప్పాలి. మంట అనగానే షర్బతె బజూరీ, పల్లేరు కషాయం, ఖర్బూజా గింజలు ఇస్తుంటారు. ఇవి మూత్రాన్ని ఎక్కువ చేసేవి, అసలే ఆత్రంతో ఉన్నవారికి ఇంకా ఇబ్బంది. కుష్తాల జోలికి అసలు వెళ్లవద్దు. ఏ మాజూన్ అయినా రేడియేషన్ డాక్టరుకు చూపించాకే వాడండి. చాయ్, కాఫీ తగ్గించండి, నీళ్లు తగ్గించకండి.

మూత్రం గొట్టం పెట్టి ఉన్నవారు అది తీసేదాకా ఈ వ్యాయామం చేయకూడదు. ధార సన్నబడి, ముక్కితే గానీ రానివారు, కింద నొప్పి ఉన్నవారు బిగించడం ఆపి డాక్టరుకు చెప్పాలి. అలాంటివారికి కండరాన్ని వదలడం నేర్పాలి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, రక్తం గడ్డలు పడినా, చలిజ్వరం వచ్చినా, మలంలో రక్తం కనబడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. సరైన కండరమే బిగుస్తోందా అన్న అనుమానం ఉంటే ఫిజియోథెరపిస్టు ఒక్కసారి చూస్తే తెలిసిపోతుంది. సిగ్గయితే మగవారినే పంపమని అడగవచ్చు.

రేడియేషన్ అయిపోయాక కూడా రోజుకు ఒక పూట కొనసాగించండి. కిరణాల ప్రభావం కొందరిలో నెలల తర్వాత, ఏళ్ల తర్వాత కూడా బయటపడుతుంది.