రెండో మోతాదు

రామగుండం అనగానే తెలంగాణలో ఎవరికైనా ముందు ఎండే గుర్తొస్తుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింతేమీ కాదు. పక్కనే ఉన్న బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలో కూలర్ రాత్రింబవళ్లు తిరిగినా, క్వార్టర్ ముందుగదిలోని అక్వేరియం నీళ్లు 32 డిగ్రీల దాకా వెచ్చబడొచ్చు. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 32 దగ్గరికొచ్చేసరికి అది 7.3కు పడిపోతుంది. చేపకు ఊపిరి కరువయ్యే ఈ రోజుల్లోనే మొప్పల్లోని పురుగు జోరుగా పెరుగుతుంది.

మన ఇళ్లలో పెంచే పఫర్ చేపల్లో ఎక్కువమందికి నచ్చేది మలబార్ మరుగుజ్జు పఫర్. కేరళ, దక్షిణ కర్ణాటక నదుల చేప ఇది. 1941లో హోరా, నాయర్ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. ఎంత పెరిగినా మూడు, మూడున్నర సెంటీమీటర్లే. కళ్లు రెండూ వేరువేరుగా తిప్పుతూ మనల్నే గమనిస్తున్నట్టు ఉంటుంది. దాని మీద అంత మోజు అందుకే కావచ్చు. బొచ్చెకూ రవ్వకూ ఉన్నట్టు దీనికి పెద్ద మొప్పమూత ఉండదు. పక్కరెక్కకు ముందు ఒక చిన్న చీలిక, అంతే. మూత ఎత్తి లోపల ఎర్రగా ఉందో పాలిపోయిందో చూద్దామంటే కుదరదు.

ఆ చీలిక వెనక చేరేవాటిలో ముఖ్యమైనది డాక్టిలోగైరస్ తరహా పురుగు. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల రైతులకు ఇది పాత శత్రువే. పొడవు సాధారణంగా ఒక మిల్లీమీటరు లోపే. తోకవైపు కొక్కేలతో మొప్ప పోగును పట్టుకుని అక్కడి పొరను తింటుంది. గాయమైన చోట జిగురు పేరుకుంటుంది, ఆక్సిజన్ లోపలికి పోవడం కష్టమవుతుంది. చేప పైకొచ్చి నీటి అంచున గబగబా ఊపిరి తీస్తుంది, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటుంది, తిండి మానేస్తుంది. ఒక పక్క చీలిక మూసేసి రెండో పక్కతోనే గంటల తరబడి శ్వాసిస్తుంటే అనుమానించాల్సిందే. కాసేపు అలా చేయడం మాత్రం ఆరోగ్యంగా ఉన్న పఫర్‌కూ అలవాటే.

అయితే అమోనియా పెరిగినా చేప అచ్చం ఇలాగే చేస్తుంది. ఫిల్టర్‌బెడ్ నుంచి వచ్చిన నల్లానీళ్లు క్లోరిన్ పోగొట్టకుండా పోసినా ఇదే తీరు. కాబట్టి మందు కొనేముందు తక్కువ ఖర్చుతో అయ్యే పని: అమోనియా పరీక్ష, క్లోరిన్ తీసిన నీళ్లతో మూడోవంతు మార్పు, గాలి పంపు పెంచడం. ఒక రోజులో తేరుకుంటే అది బహుశా పురుగు కాదు.

పురుగే అనిపిస్తే వాడాల్సింది ప్రాజిక్వాంటెల్. 1970లలో జర్మనీలో పుట్టిన మందు, మనుషుల్లో రక్తపు పురుగుకూ బద్దెపురుగుకూ ఇస్తారు. పఫర్‌కు పొలుసులుండవు, అందుకే రాగి మందులూ ఫార్మలిన్ దాని ఒంటికి త్వరగా మంటపెడతాయి. ప్రాజిక్వాంటెల్‌ను మాత్రం బాగా ఓర్చుకుంటుంది. లీటరుకు రెండున్నర మిల్లీగ్రాముల చొప్పున, యాభై లీటర్ల తొట్టికి 125 మిల్లీగ్రాములు. అంత చిన్న తూకం ఇంట్లో ఎక్కడుంటుంది? 600 మిల్లీగ్రాముల మాత్రను మెత్తగా నూరి 600 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, పొడి అడుక్కు చేరకుండా కుదుపుతూ, 125 మిల్లీలీటర్లు కొలిచి పోయాలి. ఆల్బెండజోల్ కలిసిన మాత్రలూ కుక్కల కోసం చేసిన మిశ్రమాలూ వద్దు. రేపర్ మీద ఒక్క మందు పేరే ఉండాలి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసేయాలి, లేకపోతే మందును అదే పీల్చేసుకుంటుంది.

రెండు రోజుల్లో చేప చురుకవుతుంది, తిండికొస్తుంది. వైద్యం చెడేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే చాలామంది ఇక్కడ ఆపేస్తారు. డాక్టిలోగైరస్ గుడ్లు పెడుతుంది, ఆ గుడ్డు పెంకును మందు దాటలేదు. 24 డిగ్రీల దగ్గర నాలుగైదు రోజుల్లో గుడ్లు పగులుతాయి. చల్లటి నీళ్లలో వారాలు పట్టవచ్చు, మన వేసవిలో ఇంకా త్వరగా అయిపోతుంది. పిల్లపురుగులు పొదిగాక, అవి పెద్దవై మళ్లీ గుడ్లు పెట్టకముందు పడాలి రెండో మోతాదు. మన నీళ్లలో అది అయిదో రోజు నుంచి ఏడో రోజు మధ్య. దానికి ముందు పావువంతు నీళ్లు మార్చాలి. ఇంకో వారానికి మూడోది కూడా వేస్తే నయం. షిఫ్టులు మారే ఇంట్లో తేదీ మరచిపోవడం తేలిక; క్యాలెండర్‌లో షిఫ్టు రాసుకునే చోటే ఇదీ రాసుకోవాలి.

ఈ గుడ్ల సమస్య జపాన్‌లో కోట్ల వ్యాపారాన్నే ఇబ్బంది పెట్టింది. అక్కడ ఫుగు అని తినే పులిపఫర్‌ను సముద్రంలో వలల పంజరాల్లో పెంచుతారు. హెటరోబోత్రియం అనే పురుగు దాని మొప్పల్లో రక్తం తాగుతుంది. దాని గుడ్లు పొడవాటి దారంలా వరుసగా వచ్చి వలకే చుట్టుకుంటాయి. చేపను కడిగినా వల మళ్లీ అంటిస్తుంది. విసిగిపోయిన రైతులు కొందరు ఫార్మలిన్ వాడారని 2003లో నాగసాకి ప్రాంతంలో బయటపడి పెద్ద దుమారం రేగింది.

మళ్లీ మన తొట్టికి వస్తే, పఫర్‌కు మందు వేసేటప్పుడు వలతో నీళ్లలోంచి ఎత్తకూడదు. భయంతో ఉబ్బి గాలి మింగితే ఆ గాలి బయటికి పోవడం కష్టం. గిన్నెతో నీళ్లతో సహా తీయాలి.

ఇక నత్తలు. పఫర్ పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వాటిని అరగదీయడానికి నత్తలు వేస్తాం. మంథని, రామగిరి వైపు చెరువుల్లో ఉచితంగా దొరుకుతాయి కదా అని సంచిలో పట్టుకొస్తే ఒక చిక్కుంది. మెలనాయిడెస్ అనే కోలనత్తలో సెంట్రోసెస్టస్ అనే మరో పురుగు పిల్లదశ పెరుగుతుంది. అది నత్తను విడిచి నీళ్లలో ఈది చేప మొప్పలో దూరి, చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. డాక్టిలోగైరస్‌లా అంత సులభంగా మందుకు లొంగదు, నమ్మదగిన చికిత్స లేదు. ఒక్క ఊరట ఏమిటంటే, ఈ పురుగు పెద్దదై గుడ్లు పెట్టాలంటే చేపను తిన్న కొంగ పేగుల్లాంటి చోటికి చేరాలి. అక్వేరియంలో కొంగ లేదు కాబట్టి, వేరే డబ్బాలో నత్తగుడ్లను పొదిగించి పెంచుకున్న నత్తల్లో ఇది ఉండదు. ఆ డబ్బాలో చెరువునీళ్లు పోయకుండా ఉంటే చాలు.