కంప్యూటర్ ముట్టుకుంటే జివ్వుమంటోందా?

"సి.పి.యు. డబ్బా జివ్వుమంటోంది, చెప్పులు వేసుకుంటే సరిపోతుందిలే" అనే మాట యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ అద్దె గదుల్లో ఎడిటింగ్ పని చేసుకునే యువకుల నోట మేము వింటుంటాం. సరిపోదు.

ఆ జివ్వుమనడం ఎర్త్ లేదనడానికి గుర్తు. పవర్ సప్లైలోని చిన్న కెపాసిటర్ల గుండా కొద్దిపాటి కరెంటు రేకు డబ్బాకు చేరుతుంది. ఎర్త్ వైరు ఉంటే భూమిలోకి పోతుంది. లేకపోతే మన వేలి గుండా పోతుంది. అంతవరకైతే సాధారణంగా ప్రాణభయం లేదు. కానీ లోపల వైరు ఊడి రేకుకు తగిలితే 230 వోల్టులూ డబ్బా మీదే ఉంటాయి, ఫ్యూజు కూడా పోదు.

త్రీ పిన్ ప్లగ్‌లో పైనున్న లావు పిన్ను ఎర్త్‌ది. సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టకండి. సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించమని ఇంటి యజమానిని అడగండి, మొహమాటం వద్దు. లీకయిన కరెంటును వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. కూడా పెట్టిస్తే మరీ మంచిది.

అడాప్టర్ కొనేటప్పుడు భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, 'ఆర్' అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య చూడండి. 2012 నాటి కేంద్ర ఉత్తర్వుతో ఈ నమోదు తప్పనిసరి అయింది.

ఎవరికైనా గట్టిగా షాక్ తగిలితే ముందు మెయిన్ ఆపండి, తర్వాతే మనిషిని ముట్టుకోండి. బాగానే ఉన్నట్టు కనిపించినా గుండె పరీక్షకు ఆస్పత్రికి తీసుకురండి.